కొత్త హార్డ్ డిస్క్‌ని పాత కంప్యూటర్ గుర్తుపట్టడం లేదా? ఇలా వెతకండి

హార్డ్ డిస్క్ కొన్నారు, పాత క్యాబినెట్ విప్పి జాగ్రత్తగా బిగించారు, ఆన్ చేసి మై కంప్యూటర్ తెరిస్తే అవే పాత సీ, డీ డ్రైవ్‌లు, కొత్తదాని జాడే లేదు. చాలామంది ఈ దశలోనే డిస్క్ పాడైందని తేల్చేసి వాపసు చేసే పనిలో పడతారు, ఇంకొందరు నెట్‌లో కనిపించిన ప్రతి కమాండూ వరసగా కొట్టేస్తారు. రెండూ వద్దు. మొదటిదాంట్లో పోయేది సమయమే, రెండోదాంట్లో పాత డిస్క్‌లోని డేటా కూడా పోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ డిస్క్ బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచి హార్డ్‌వేర్‌ని చూసుకునే, బోర్డులోని ప్రోగ్రామ్) కనిపిస్తోందా, లేదా? కనిపించకపోతే తేడా కరెంటులోనో, కేబుల్‌లోనో, పోర్టులోనో, జంపర్‌లోనో (డిస్క్ వెనక పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) ఉంది, అప్పుడు విండోస్‌లో ఎంత తవ్వినా ఏమీ దొరకదు. కనిపిస్తే వైరింగ్ దాదాపు బాగున్నట్టే, మిగిలిన పనంతా విండోస్ లోపలే, క్యాబినెట్ మళ్లీ విప్పక్కర్లేదు. ఇది తేల్చుకోకుండా అటు కేబుల్ మార్చి, ఇటు డ్రైవర్ మార్చి, మధ్యలో బయోస్ సెట్టింగులు కూడా కదిపితే చివరికి ఏది మార్చినందుకు ఏమైందో మీకే అర్థం కాదు.

విప్పే ముందు

పాత డిస్క్‌లో ముఖ్యమైనవి ఏమైనా ఉంటే ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి. కొత్త డిస్క్ పెట్టడం వల్ల పాతది పోదు, కానీ సరిచేసే కంగారులో వేరే డిస్క్‌ని ఎంచుకుని ఫార్మాట్ కొట్టడం మాత్రం జరుగుతుంది.

లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ షట్‌డౌన్ చేసి, వెనక పవర్ కేబుల్ పీకేసి, ఆ తర్వాత ముందున్న పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిపోయిన కరెంటు కూడా దిగిపోతుంది. క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకుని అప్పుడు పని మొదలుపెట్టండి. కేబుల్స్ ఎలా ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత ఏది ఎక్కడిదని టెన్షన్ ఉండదు.

మొదట బయోస్ చూడండి

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా కొట్టండి. కొన్ని కంపెనీల మిషన్లలో ఎఫ్10, కొన్నిటిలో ఎఫ్1 ఉంటుంది, మొదటి స్క్రీన్ కింద సాధారణంగా రాసే ఉంటుంది. పాత అవార్డ్ బయోస్‌లో అయితే స్టాండర్డ్ సీమాస్ ఫీచర్స్ అనే పేజీలో, మిగతావాటిలో మెయిన్ లేదా అడ్వాన్స్‌డ్ లేదా స్టోరేజ్ అనే చోట డిస్క్‌ల జాబితా ఉంటుంది. అక్కడ మీ కొత్త డిస్క్ మోడల్ నంబర్ కనిపించాలి. డిస్క్ మీద అంటించిన లేబుల్‌తో పోల్చుకోండి, ఎందుకంటే చాలాసార్లు మనం చూసేది పాత డిస్క్ పేరే అయి ఉంటుంది.

బూట్ ఆర్డర్ జాబితాలో లేదని డిస్క్ లేదనుకోకండి. బూట్ జాబితా వేరు, గుర్తించిన డిస్క్‌ల జాబితా వేరు. కొన్ని బయోస్‌లు బూట్ జాబితాలో ఒకే హార్డ్ డిస్క్‌ని చూపించి మిగతావాటిని ఇంకో ఉపమెనూలో దాస్తాయి.

పేరు కనిపిస్తే కింద విండోస్ గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్లిపోండి. నాట్ డిటెక్టెడ్ అనో, నన్ అనో, ఖాళీగానో ఉంటే ఇక్కడే కొనసాగండి.

బయోస్‌లో లేదు: ముందు కరెంటు సంగతి

డిస్క్ అసలు తిరుగుతోందా? క్యాబినెట్ మూత తీసి ఉంచి ఆన్ చేసి, డిస్క్ పక్కన వేలు ఆనించండి. తిరిగే డిస్క్ అయితే మొదటి కొన్ని సెకన్లలో సన్నటి వణుకు, క్రమంగా పెరిగే శబ్దం తెలుస్తాయి. ఎస్ఎస్‌డీకి ఈ పరీక్ష పనికిరాదు, అందులో తిరిగేదేమీ లేదు.

వణుకు లేకపోతే ముందు కరెంటు అందడం లేదని అనుమానించండి. ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే వేరే సాటా (ఇప్పటి డిస్క్‌లు వాడే కనెక్షన్ రకం) పవర్ పిన్ను పెట్టి చూడండి, ఇంకా మంచిది ఏమిటంటే ఇప్పటికే పని చేస్తున్న పాత డిస్క్ నుంచి తీసిన పిన్ను పెట్టడం. సాటా పవర్ పిన్నులో 15 కాంటాక్టులు, డేటా పిన్నులో 7 ఉంటాయి, రెండూ ఎల్ ఆకారంలో ఉంటాయి కాబట్టి తలకిందులుగా పట్టవు, కానీ సగం మాత్రమే దిగి బాగానే ఉన్నట్టు కనిపించడం చాలా మామూలు. చివరిదాకా నొక్కండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, కేబుల్స్ ఊడదీయగలిగే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ ఉంటే ఇంకో ఎస్ఎంపీఎస్ తాలూకు కేబుల్ తెచ్చి పెట్టకండి, ఒకే కంపెనీదైనా సరే. డిస్క్ వైపు పిన్ను ఒకేలా ఉన్నా ఎస్ఎంపీఎస్ వైపు వైర్ల వరస మోడల్‌ని బట్టి మారుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డిస్క్ అక్కడికక్కడే కాలిపోతుంది. రెండోది, పాత ఎస్ఎంపీఎస్‌లో సాటా పిన్ను లేక మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ వాడుతుంటే దాని తల ఎలా ఉందో చూడండి. ప్లాస్టిక్ కరిగించి ఒకే ముద్దగా పోసిన రకంలో వైర్లు లోపల ఒకదానికొకటి తగిలి మంట అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. వైర్లు విడివిడిగా నొక్కి బిగించి, వెనక మూత పెట్టినట్టు ఉండే రకం తీసుకోండి.

కరెంటు బాగానే ఉంది, పాత డిస్క్ అదే పిన్నుతో తిరుగుతోంది, కొత్తది మాత్రం కదలడం లేదంటే చాలామందికి తెలియని ఒక కారణం ఉంది. 2016లో వచ్చిన సాటా 3.3 స్పెసిఫికేషన్‌లో పవర్ పిన్ను మూడో కాంటాక్టుకి కొత్త పని ఇచ్చారు: దాని మీద వోల్టేజ్ ఉంటే డిస్క్ ఆగిపోవాలి. సర్వర్లలో డిస్క్‌ని దూరం నుంచే రీసెట్ చేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. పాత ఎస్ఎంపీఎస్‌లేమో అదే కాంటాక్టు మీద ఎప్పుడూ 3.3 వోల్టులు పంపిస్తూ ఉంటాయి. దాంతో పాపం డిస్క్ ఎప్పటికీ లేవదు, పాడైపోలేదు కూడా. సర్వర్ల కోసం చేసిన పెద్ద డిస్క్‌లలోనూ, ఎక్స్‌టర్నల్ డబ్బాల నుంచి విప్పి తీసిన వాటిలోనూ ఇది ఎక్కువ. మందు తేలిక: మోలెక్స్ కన్వర్టర్ ద్వారా కరెంటు ఇవ్వండి, మోలెక్స్‌లో 5, 12 వోల్టులే ఉంటాయి, 3.3 ఉండదు. లేదంటే డిస్క్ వైపు మూడో కాంటాక్టు మీద సన్నటి క్యాప్టన్ (వేడిని తట్టుకునే) టేపు ముక్క అంటించండి. మామూలు సెల్లో టేపు వేడికి జారిపోతుంది, అది వద్దు.

తిరుగుతోంది, అయినా బయోస్‌లో లేదు

ఇక్కడ అన్నిటికంటే త్వరగా జవాబిచ్చే పరీక్ష మార్పిడి. పని చేస్తున్న పాత డిస్క్ నుంచి డేటా కేబుల్, పవర్ పిన్ను రెండూ తీసి కొత్త డిస్క్‌కి పెట్టి బయోస్‌లోకి వెళ్లండి. విండోస్ ఎలాగూ బూట్ అవ్వదు, అవ్వక్కర్లేదు, మనం చూసేది బయోస్ వరకే. ఇప్పుడు కొత్తది కనిపిస్తే డిస్క్ మంచిదే, మీరు ముందు వాడిన కేబుల్‌లోనో పోర్టులోనో ఉంది తేడా. ఇప్పటికీ కనిపించకపోతే డిస్క్‌నో, ఆ డిస్క్‌కీ ఈ మదర్ బోర్డుకీ కుదరకపోవడాన్నో అనుమానించాలి.

కేబుల్ తేడా అయితే కొత్త కేబుల్ కొనండి, అంతే. ఎర్రటి పాత సాటా కేబుల్స్‌లో చాలావాటికి క్లిప్పు ఉండదు, కాస్త కదిలితే ఊడిపోతాయి. క్లిప్పు ఉన్నది తీసుకోండి, గట్టిగా మడత పెట్టకండి, మీటరు కంటే పొడవు వద్దు.

పోర్టు సంగతి కొంచెం ఓపికగా చూడాలి. పాత బోర్డుల్లో చాలా బయోస్‌లు వాడని పోర్టుల్ని ఆపేసి ఉంచుతాయి. స్టాండర్డ్ సీమాస్ పేజీలో ఆ ఛానెల్ ఎదురుగా నన్ అని ఉంటే దాన్ని ఆటో చేయండి. ఇంకొన్నిటిలో ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ అనే చోట సాటా కంట్రోలర్‌నే ఎనేబుల్ చేయాల్సి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో నాలుగు పోర్టులు ఒక రంగులో, రెండు వేరే రంగులో ఉంటాయి, ఆ రెండూ జేమైక్రాన్ లేదా మార్వెల్ లాంటి వేరే చిప్ కింద నడుస్తాయి, వాటిలో పెట్టిన డిస్క్ మామూలు జాబితాలో కనిపించకపోవచ్చు, డ్రైవర్ వేస్తేనే విండోస్‌లో వస్తుంది. మొదటి ప్రయత్నం ఎప్పుడూ ప్రధాన చిప్‌సెట్ పోర్టులోనే చేయండి. ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకే బిగించే చోటు) ఉన్న బోర్డు అయితే ఇంకో మెలిక, కొన్ని బోర్డుల్లో అందులో ఎస్ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి. ఏవి ఆగిపోతాయో బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే ఆపేసి చూడండి. పెద్ద డిస్క్ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ లోపే బయోస్ వెతకడం ముగించేస్తే దానికి డిస్క్ లేనట్టే. ఇది పరీక్షించడానికి ఉపాయం: మొదటిసారి ఆన్ చేసి, డిస్క్ తిరుగుతుండగానే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. రెండోసారి కనిపిస్తే కారణం అదే.

ఇప్పుడు వేగం తగాదా. సాటా మొదట సెకనుకి 1.5 గిగాబిట్లతో వచ్చింది, తర్వాత 3, ఆపైన 6. కొత్త డిస్క్ పాత పోర్టులో తనంతట తాను వేగం తగ్గించుకుని పని చేయాలి, చాలా చోట్ల చేస్తుంది కూడా. కానీ వయా కంపెనీ పాత చిప్‌లు కొన్ని, ముఖ్యంగా వీటీ8237, వీటీ8237ఆర్, వీటీ6420, వీటీ6421 అనేవి, ఈ బేరసారం సరిగా చేయలేవు. డిస్క్ తిరుగుతుంది, కేబుల్ బాగుంటుంది, బయోస్ మాత్రం చూడదు. బోర్డు మీద పెద్ద చిప్‌ల మీది రాతలు చదివితే ఇదో కాదో తెలుస్తుంది. ఇదే అయితే డిస్క్ వెనక జంపర్ పిన్నులు ఉన్నాయేమో చూడండి. వెస్టర్న్ డిజిటల్ 3.5 అంగుళాల డిస్క్‌లు చాలావాటిలో 5, 6 పిన్నుల మీద జంపర్ పెడితే డిస్క్ 1.5 దగ్గరే ఆగుతుంది. మిగతా కంపెనీలవి లేబుల్ మీద బొమ్మ చూసి పెట్టండి, ఊహించి పెట్టకండి. జంపర్ పిన్నులే లేని డిస్క్ అయితే ఆ బోర్డుతో కుస్తీ పట్టడం కంటే విడిగా ఒక సాటా కార్డు వేసుకోవడమే నయం.

చవకగా దొరికిందని కొన్న డిస్క్ సర్వర్ నుంచి తీసినదా? అయితే అది శాస్ రకం కావచ్చు. చూడటానికి సాటాలాగే ఉంటుంది, కానీ డేటా, పవర్ భాగాల మధ్య సాటాలో ఉండే ఖాళీ ఇందులో పూడ్చేసి ఉంటుంది. సాటా డిస్క్ శాస్ పోర్టులో నడుస్తుంది గానీ శాస్ డిస్క్ సాటా పోర్టులో నడవదు, ఏ కన్వర్టర్ పెట్టినా అంతే, దానికి విడిగా శాస్ కార్డు కావాలి.

వెడల్పు కేబుల్ ఉన్న ఐడీఈ డిస్క్ అయితే

ఇంకా ఐడీఈ మిషన్ నడుపుతున్నవాళ్లకి ఈ భాగం. ఒకే కేబుల్ మీద రెండు డిస్క్‌లు ఉంటే ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్ కావాలి, రెండూ మాస్టర్‌గా ఉంటే సాధారణంగా రెండూ కనిపించవు. సీడీ డ్రైవ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. పాత వెస్టర్న్ డిజిటల్ డిస్క్‌లలో ఇంకో తిరకాసు ఉంది, కేబుల్ మీద ఒక్కటే ఉన్నప్పుడు సింగిల్ అనే అమరిక, తోడుగా స్లేవ్ ఉన్నప్పుడు మాస్టర్ అనే అమరిక, రెండూ వేర్వేరు. ఒంటరి డిస్క్‌కి మాస్టర్ జంపర్ పెడితే బయోస్ స్లేవ్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు.

80 తీగల కేబుల్‌లో నీలం చివర బోర్డుకి, నలుపు చివర మాస్టర్‌కి, మధ్యలోని బూడిద రంగు స్లేవ్‌కి. కేబుల్ సెలెక్ట్ వాడాలంటే రెండు డిస్క్‌లకీ అదే పెట్టండి, ఒకదానికి అదీ ఇంకోదానికి మాస్టరూ కలపకండి. డిస్క్ వైపు పిన్నుల్లో ఒకటి వంగిందేమో టార్చ్ వేసి చూడండి, బలవంతంగా నొక్కినప్పుడు ఇది తరచూ జరుగుతుంది.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

ఎక్కువమంది సమస్య నిజానికి ఇదే, ఇది సమస్య కూడా కాదు. పెట్టె విప్పిన కొత్త ఇంటర్నల్ డిస్క్‌లో పార్టిషన్ ఏమీ ఉండదు, అది లేఅవుట్ వేయని ఖాళీ స్థలం లాంటిది, విండోస్ దానికి డ్రైవ్ లెటర్ ఇవ్వదు కాబట్టి మై కంప్యూటర్‌లో కనిపించదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పాత విండోస్‌లో అయితే మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ అనే దాంట్లోకి వెళ్లాలి. తెరవగానే ఇనీషియలైజ్ చేయమంటూ ఒక పెట్టె రావచ్చు. అక్కడ ఓకే కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ డిస్క్ నిజంగా కొత్తదేనా, లేక డేటా ఉన్న పాత డిస్క్‌నే ఇంకో కంప్యూటర్ నుంచి తెచ్చి పెట్టారా అని చూసుకోండి. డేటా ఉన్నదైతే ఇనీషియలైజ్ గానీ ఫార్మాట్ గానీ చేయకండి, క్యాన్సిల్ కొట్టేయండి. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

కొత్తదే అయితే ఎంబీఆర్, జీపీటీ అనే రెండు పార్టిషన్ పద్ధతుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. 2 టీబీ వరకు ఏదైనా పర్వాలేదు, ఎక్స్‌పీ ఉన్న మిషన్‌లో కూడా వాడాలంటే మాత్రం ఎంబీఆర్. అంతకంటే పెద్దదైతే జీపీటీనే, ఎందుకంటే ఎంబీఆర్ లెక్క సుమారు 2.2 టీబీ దగ్గర ముగిసిపోతుంది, మిగతా స్థలం అన్‌అలకేటెడ్‌గా వృథాగా ఉండిపోతుంది. బయోస్ పాతదైనా విండోస్ 7 జీపీటీ డిస్క్‌ని డేటా కోసం చక్కగా వాడుతుంది. దాన్నుంచి బూట్ చేయడానికి మాత్రం యూఈఎఫ్ఐ (బయోస్‌కి కొత్త తరం రూపం) ఉన్న బోర్డు కావాలి. ఎంచుకున్నాక అన్‌అలకేటెడ్ అని నల్లటి గీతతో ఉన్న భాగం మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ అనండి, నెక్స్ట్‌లు కొట్టుకుంటూ పోండి, ఎన్‌టీఎఫ్ఎస్, క్విక్ ఫార్మాట్ చాలు. మై కంప్యూటర్‌లో వచ్చేస్తుంది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వేరే ఏదైనా రాసి ఉంటే దాన్ని బట్టి నడవాలి. ఆఫ్‌లైన్ అని ఉంటే ఎడమవైపు డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేయండి. పాత డిస్క్‌ని కొత్తదాంట్లోకి క్లోన్ చేసి రెండూ ఒకేసారి పెట్టినప్పుడు ఇది వస్తుంది, రెండిటికీ ఒకే గుర్తు ఉండటం వల్ల విండోస్ ఒకదాన్ని పక్కన పెడుతుంది. హెల్దీ అని ఉండి లెటర్ మాత్రం లేకపోతే ఛేంజ్ డ్రైవ్ లెటర్‌లోకి వెళ్లి ఒకటి ఇస్తే సరిపోతుంది. ఫారిన్ అని ఉంటే అది ఇంకో కంప్యూటర్‌లో డైనమిక్ డిస్క్‌గా వాడినది, ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్ చేయాలి.

రా (ఆర్ఏడబ్ల్యూ) అని చూపించి ఫార్మాట్ చేయమంటే, అందులో మీకు కావాల్సిన డేటా ఉంటే, వద్దనండి. దీనికి ఒక విచిత్రమైన కారణం ఉంటుంది. ఆ డిస్క్ ఇన్నాళ్లూ యూఎస్‌బీ డబ్బాలో ఉండి ఇప్పుడు లోపల సాటాకి పెట్టారా? 2 టీబీ దాటిన కొన్ని డబ్బాలు, పాత విండోస్‌తో కుదరడానికి, సెక్టార్ (డిస్క్ ఒక్కసారికి రాసే అతి చిన్న ముక్క) సైజుని 512 బైట్లకి బదులు 4096 బైట్లుగా మార్చి చూపిస్తాయి. డబ్బా లేకుండా నేరుగా పెడితే పార్టిషన్ లెక్కలన్నీ తారుమారవుతాయి. డేటా ఎక్కడికీ పోలేదు, తిరిగి అదే డబ్బాలో పెట్టి కాపీ చేసుకుని, ఆ తర్వాత లోపల పెట్టి కొత్తగా ఫార్మాట్ చేయండి.

డిస్క్‌పార్ట్ (కమాండ్ ప్రాంప్ట్‌లో నడిచే విండోస్ పార్టిషన్ టూల్) గురించి ఒక మాట. పాత పార్టిషన్లు మొండికేస్తే లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్ అనే మూడు కమాండ్లతో మొత్తం తుడిచేయొచ్చు, పని చేస్తుంది కూడా. కానీ క్లీన్ కొట్టాక మళ్లీ నిజమేనా అని అడగదు. సెలెక్ట్ చేసిన తర్వాత డీటెయిల్ డిస్క్ అని కొట్టి మోడల్ పేరు చూసుకోండి, వీలైతే ఆ సమయానికి పాత డిస్క్ కేబుల్ పీకేసి విండోస్ సెటప్ పెన్ డ్రైవ్ నుంచి ఈ పని చేయండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా అసలు కనిపించకపోతే డివైస్ మేనేజర్ తెరిచి పసుపు గుర్తు ఉన్న కంట్రోలర్ ఏమైనా ఉందేమో చూడండి, చిప్‌సెట్ డ్రైవర్ వేయండి, స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ నొక్కండి. అయినా లేదంటే లైనక్స్ లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ (పెట్టిన డిస్క్‌ల జాబితా చూపిస్తుంది) కొట్టండి. లైనక్స్‌లో కనిపిస్తే తేడా విండోస్‌దే. విండోస్ 7 అయితే ఇంకో అవకాశం ఉంది: డిస్క్ లేబుల్ మీద 4కేఎన్ (4096 బైట్ల సెక్టార్లు మాత్రమే ఉన్నది) అని రాసి ఉంటే దాన్ని విండోస్ 8, ఆ తర్వాతివే చదవగలవు. 512ఈ (పైకి 512 బైట్ల సెక్టార్లుగా చూపించేవి) అని ఉన్నవి విండోస్ 7తో నడుస్తాయి. కొనేముందే చూసుకోవాల్సిన విషయం ఇది.

సైజు తప్పుగా చూపిస్తే

1 టీబీ డిస్క్ 931 జీబీ చూపిస్తే ఏ తప్పూ లేదు, కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. అంతకంటే పెద్ద తేడా ఉంటే ఆ అంకె చూడగానే కారణం చెప్పేయొచ్చు.

32 జీబీ దగ్గర ఆగితే, లేదా డిస్క్ పెట్టగానే మొదటి స్క్రీన్ దగ్గరే మిషన్ బిగుసుకుపోతే, 1999కి ముందటి కొన్ని అవార్డ్ బయోస్‌ల పరిమితి అది. లేదా ఐడీఈ డిస్క్ వెనక కెపాసిటీ తగ్గించే జంపర్ పెట్టి ఉండొచ్చు, తీసేసి చూడండి. 137 జీబీ దగ్గర, అంటే విండోస్ లెక్కలో 128 దగ్గర ఆగితే 28 బిట్ల అడ్రసింగ్ హద్దు అది. దీన్ని దాటాలంటే బయోస్‌కీ విండోస్‌కీ రెండిటికీ 48 బిట్ల అడ్రసింగ్ రావాలి. ఎక్స్‌పీలో అది 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది, అంతకుముందు ఎక్స్‌పీ సీడీతో ఇన్‌స్టాల్ చేస్తుంటే ముందు చిన్న పార్టిషన్ చేసి, సర్వీస్ ప్యాక్ వేశాకే మిగతాది ముట్టుకోండి.

3 టీబీ డిస్క్ 746 జీబీ చూపిస్తే పాత ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ లాంటిది 2.2 టీబీ దాటాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతోందన్నమాట. డ్రైవర్ కొత్తది వేయండి, అంతవరకు అందులో ఏమీ రాయకండి, ఒకదాని మీద ఒకటి రాసి డేటా పాడవుతుంది. 32 బిట్ల ఎక్స్‌పీలో జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్ అని మాత్రమే కనిపిస్తుంటే దానికి మందు లేదు, ఆ ఎక్స్‌పీ జీపీటీని చదవలేదు.

కొత్తది పెట్టాక కంప్యూటరే బూట్ అవ్వకపోతే

బూట్ డివైస్ నాట్ ఫౌండ్ అనో, ఆపరేటింగ్ సిస్టమ్ లేదనో వస్తే కొత్త డిస్క్ బూట్ ఆర్డర్‌లో ముందుకొచ్చింది. బయోస్‌లో పాతదాన్ని మళ్లీ మొదటికి తెచ్చుకోండి. పనిలో పనిగా గడియారం చూడండి. తేదీ ఎప్పుడో పాత సంవత్సరం చూపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది, మీరు చేసిన సెట్టింగులన్నీ కరెంటు తీయగానే పోతుంటాయి. సెల్ మార్చాకే మిగతావి.

నీలి తెర మీద 7బీతో ముగిసే కోడ్ వస్తే మీరు బయోస్‌లో సాటా మోడ్‌ని ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చి ఉంటారు, లేదా సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచే మెమరీ) రీసెట్ అయి అదే మారి ఉంటుంది. ముందు ఉన్నదానికి తిరిగి పెట్టేస్తే విండోస్ లేస్తుంది. కొత్త డిస్క్ కనిపించడానికి ఏహెచ్‌సీఐ తప్పనిసరి కాదు. కావాలనే మార్చుకోవాలంటే విండోస్ 10లో పద్ధతి ఉంది: ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక ఆ టిక్ తీసేయాలి.

కనిపించి మాయమవుతుంటే

ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు, కాపీ చేస్తుండగా ఆగిపోతుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ వేసి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. సీ7 అనే వరసలో సీఆర్‌సీ ఎర్రర్ల అంకె పెరుగుతూ పోతుంటే డిస్క్‌ది కాదు, చాలావరకు కేబుల్‌ది, మార్చండి. ఆ అంకె తిరిగి సున్నా కాదు, పెరగడం ఆగితే చాలు. 05, సీ5, సీ6 వరసల్లో కొత్త డిస్క్‌కి సున్నా కాకుండా ఏమున్నా వారంటీ ఉండగానే వాపసు చేయండి, సాఫ్ట్‌వేర్‌తో బాగు చేయడానికి కూర్చోకండి. టక్ టక్ మని లయగా శబ్దం వస్తే ముందు వేరే పవర్ పిన్నుతో ఒకసారి చూడండి, బలహీనమైన ఎస్ఎంపీఎస్ కూడా ఆ శబ్దం తెప్పిస్తుంది, తిరగడం మొదలయ్యేటప్పుడు 3.5 అంగుళాల డిస్క్ 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అయినా అదే శబ్దమైతే డిస్క్ పోయినట్టే.

ఇవేవీ కాకపోతే

డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌లో గానీ, యూఎస్‌బీ సాటా అడాప్టర్‌తో గానీ పెట్టి చూడండి. 3.5 అంగుళాలదైతే విడిగా పవర్ అడాప్టర్ ఉన్నది కావాలి, యూఎస్‌బీ పోర్టు 12 వోల్టులు ఇవ్వదు. అక్కడా కనిపించకపోతే వాపసు చేయండి, ఇక సందేహం లేదు. అక్కడ కనిపించి ఇక్కడ మాత్రమే కనిపించకపోతే బోర్డు కంపెనీ సైట్‌లో బయోస్ అప్‌డేట్ నోట్స్ చదవండి. హార్డ్ డిస్క్ గురించో సాటా గురించో ఏదైనా సరిచేశామని రాసి ఉంటేనే అప్‌డేట్ చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది కాబట్టి ఊరికే చేయడం నాకు నచ్చదు.

అదీ లేకపోతే సాటా కార్డు. బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే అది, మరీ పాతదైతే మామూలు పీసీఐ కార్డు, వేగం తక్కువైనా పని జరుగుతుంది. కార్డు మీద వయా వీటీ6421 చిప్ ఉంటే మళ్లీ పైన చెప్పిన వేగం తగాదాలోకే వస్తారు, ముందే చూసుకోండి. కార్డు మీద పెట్టిన డిస్క్ బయోస్ జాబితాలో రాకపోయినా కంగారు పడకండి, డ్రైవర్ వేశాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడండి, అక్కడ నాట్ ఇనీషియలైజ్డ్ అని కనిపిస్తే మిగతాదంతా పైన చెప్పిన పద్ధతే.